పత్తిచేలో నా జీతం

మా వీధిలో ఎవరింట్లో పిల్ల ఇంటర్ పాసైనా, ఆ వేసవిలో ఒక్కసారైనా నా దగ్గరికి పట్టుకొస్తారు. "మేడమ్, అప్పు చేసి చదివిస్తే తిరిగొస్తదా? జర మీరే చెప్పుర్రి" అని అడుగుతారు. నేను కుర్చీలు వేసి, చాయ్ పెట్టి, ఒక పత్తిచేను సంగతి మొదలుపెడతాను. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. పెద్దవాళ్లు గోడగడియారం వైపు చూస్తారు. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను. పిల్లలూ, ఇది మీకోసం. పెద్దవాళ్లు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులు తెల్లవారుజామున సగం మెలకువలో విన్న మాటల్లా ఉంటాయి. గొంతులు గుర్తుంటాయి, వెలుతురు గుర్తుంటుంది, ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో మాత్రం పట్టు దొరకదు. ఆ కాలంలో 'బయో' అన్న మాటకు ఎంత మోజో మీకు తెలియదు. కాలేజీ బోర్డు మీద ఆ రెండక్షరాలు కనిపిస్తే చాలు, ఇక మన పిల్లలంతా తెల్లకోట్లు వేసుకుని తిరుగుతారని జనం నమ్మేవారు. మా కాలేజీ యజమానిని అందరం కరస్పాండెంట్ సార్ అనేవాళ్లం. ఆయన ప్రహరీగోడ పొడవునా రంగురంగుల గాజుసీసాల బొమ్మలు వేయించాడు. గోడ మీద ఉన్నన్ని సీసాలు లోపల ల్యాబులో లేవు. ఉన్న ఒక్క ఫ్రిజ్‌లో అటెండరు పెరుగుగిన్నె పెట్టుకునేవాడు. నేను ఎన్నిసార్లు కేకలేసినా "చల్లగుంటది మేడమ్" అనేవాడు, అదేదో నాకు తెలియని సంగతైనట్టు.

వేసవి వస్తే మాకు సెలవులు ఉండేవి కావు, ఊళ్లు తిరగడం ఉండేది. ఒక్కో లెక్చరరు ఇంతమందిని చేర్పించాలని కరస్పాండెంట్ సార్ హుకుం. కరపత్రాల కట్ట సంచిలో వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, ఒకరోజు కొత్తకోట వైపు, ఇంకోరోజు అయిజ వైపు బస్సెక్కేదాన్ని. నాకు తోడు మా బాటనీ సార్. నాకన్నా చాలా పెద్దాయన, నెమ్మదస్తుడు. ఎవరింటికి వెళ్లినా నేను బయోకెమిస్ట్రీ గొప్పదనం గొంతు ఎండిపోయేదాకా చెప్పాక, ఆయన లేస్తూ లేస్తూ "ఏ గ్రూపైనా చదువుర్రి, చివరికి బీఎడ్ చెయ్యుర్రి" అనేవాడు. తిరుగు బస్సులో నేను ఆయనతో పోట్లాడేదాన్ని.

"సార్, మీరు నా పరువు తీస్తున్నరు."

"లేదు మేడమ్, వాళ్ల పరువు కాపాడుతున్న" అని, కిటికీ వైపు తలవాల్చి నిద్రపోయేవాడు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ గాలి తగిలినప్పుడు మాత్రం కళ్లు తెరిచి ఒకసారి నీళ్లు చూసి మళ్లీ మూసుకునేవాడు.

అట్లా తిరుగుతూ ఒక మధ్యాహ్నం అయిజ అవతల ఒక ఊళ్లో ఒక రైతు ఇంటి ముందు ఆగాం. ఆయన మమ్మల్ని, మా సంచుల్ని ఎగాదిగా చూసి "ఏ కంపెనీ?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. బాటనీ సార్‌కు అయింది. అయిజ, గద్వాల చుట్టుపక్కల చాలామంది పత్తిని దూది కోసం కాదు, విత్తనం కోసం పండిస్తారు. రైతుకూ విత్తనాల కంపెనీకీ మధ్య ఆర్గనైజర్ అని ఒకాయన ఉంటాడు. పెట్టుబడికి ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. అడ్వాన్సు ఎవరు ఇస్తే పంట వాళ్లకే పోవాలి. గింజ పరీక్షలో పాసైతేనే మిగతా డబ్బు. ఎండలో సంచి పట్టుకుని వచ్చే వాళ్లంతా ఆ ఇంటాయన లెక్కలో ఆర్గనైజర్ మనుషులే.

"మాది పత్తి కంపెనీ కాదు, చదువు కంపెనీ" అన్నాడు బాటనీ సార్.

రైతు పకపకా నవ్వి, మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడు. ఆయన కూతురు అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసి ఉంది. బిందె దించి, చేతులు తుడుచుకుని, కరపత్రం మొత్తం చదివింది. అటువంటి కాగితాన్ని చివరిదాకా చదివిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"మేడమ్, ఈ బయోకెమిస్ట్రీల ఏముంటది?"

"ప్రాణమున్న దాంట్లో లోపల జరిగే రసాయనమంతా ఉంటుంది" అన్నాను.

"పత్తిపూవు మొదటి దినం తెల్లగుండి, తెల్లారి ఎర్రగ ఎందుకైతదో గది గూడ ఉంటదా?"

ఉంటుందన్నాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి పుస్తకాలన్నీ తిరగేశాను. ఇన్నేళ్ల నా చదువులో, నా పాఠాల్లో, నన్నెవరూ పువ్వు గురించి అడగలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ పిల్ల మా కాలేజీలో చేరింది. వనపర్తిలో ప్రభుత్వ హాస్టల్లో ఉండేది. మూడేళ్లూ ముందు బెంచీయే. వానాకాలం చివర్లో మాత్రం కొన్నాళ్లు కనిపించేది కాదు. అప్పుడు వాళ్ల చేలలో క్రాసింగ్ పని. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను విప్పి, లోపలి మగభాగాన్ని గోటితో తీసేసి, గుర్తుకు ఎర్రకాగితం తొడుగుతారు. తెల్లవారాక వేరే సాళ్ల నుంచి మగపూలు తెచ్చి వాటి పుప్పొడిని ఈ పూలకు అద్దుతారు. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. తిరిగొచ్చిన పిల్ల గోళ్లు పసుపుపచ్చగా, మొరటుగా ఉండేవి. ఆ గోళ్లతోనే పోయిన పాఠాలన్నీ పక్కపిల్లల దగ్గర రాసుకునేది.

డిగ్రీ అయిపోయాక రెండు కబుర్లు ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో ఆమెకు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ సీటొచ్చింది. ఫీజూ హాస్టలూ కలిపి రెండేళ్లకు లక్ష దాటుతుంది. బ్యాంకు చదువు అప్పు ఇస్తానంది, తండ్రి కూడా సంతకం పెట్టాలంది. ఇంకో కబురు గద్వాల నుంచి. అక్కడ విత్తన పరీక్షల ల్యాబులో బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివిన మనిషి కావాలి, నెలకు నాలుగున్నర వేలు, వెంటనే చేరాలి.

స్టాఫ్‌రూములో పెద్ద వాదం. బాటనీ సార్ ఉద్యోగం వైపు. "అప్పు లేదు, ఇంటికి దగ్గర, ఇరవై ఏండ్లకే జీతం. ఇంకేం కావాలె?" అన్నాడు.

"గింజలు నానబెట్టడానికా ఆ పిల్ల పుట్టింది?" అని నేను ఎగిరాను. నాకు కోపమొస్తే ఎదుట ఎవరున్నారో కనిపించదు. కరస్పాండెంట్ సార్ అప్పుడే లోపలికి వచ్చి, వాదమంతా విని, ఆ పిల్ల ఫొటో ఒకటి అడిగాడు. సీటు సంగతి వేసినా ఉద్యోగం సంగతి వేసినా వచ్చే ఏడు కరపత్రంలోకి ఒకే ఫొటో సరిపోతుందని ఆయన లెక్క.

ఆ పిల్ల నన్ను వరండాలో పట్టుకుంది. "మేడమ్, నాకు హైదరాబాద్ పోవాల్ననుంది. నాయిన సంతకం పెట్టనంటుండు. మీరొచ్చి చెప్తే వింటడు. మీరంటే మస్తు మర్యాద మా ఇంట్ల."

సరే పదమన్నాను. ఆదివారం మొదటి బస్సుకు బయల్దేరాను. గద్వాలలో దిగి అయిజ బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరు చేరేసరికి పొద్దు బాగా పొడిచింది. మనుషులంతా చేలోనే ఉన్నారు. ఆ చేను చూసి నేను గట్టు మీదే నిలబడిపోయాను. ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. ఒకే చెట్టు మీద ఇవాళ్టి తెల్లపూలు, నిన్నటి గులాబీ పూలు, రేపటి మొగ్గలు. మధ్యమధ్య వందల ఎర్రకాగితాలు గాలికి వణుకుతున్నాయి. ఎవరో గట్టు మీద పెట్టిన రేడియోలో చిన్నగా ఏదో పాట. ఆడవాళ్లు వంగి సాళ్ల వెంట నడుస్తుంటే, నడుస్తున్నది వాళ్లా, సాళ్లే వెనక్కి జరుగుతున్నాయా అనిపించింది. ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయాను.

"దండం మేడమ్" అన్నాడు తండ్రి. "కూసుంటే ఎండొస్తది, పూలు ఆగవు. పని చేసుకుంటనే మాట్లాడుదాం."

తల్లి నా చేతిలో గుప్పెడు మగపూలు పోసింది. నేను ఒకటి తీసి ఎదుటి పువ్వుకు గట్టిగా రాశాను. "గట్ల కాదమ్మా, మెల్లగ. దానికి నొప్పైతది" అంది. పక్క సాలులో కూతురు నవ్వింది. అట్లా నలుగురం రెండు సాళ్లలో నడుస్తూ మాటలు మొదలుపెట్టాం.

నేను బ్యాంకు అప్పు సంగతి చెప్పాను. తండ్రి శ్రద్ధగా విన్నాడు. అంతా విని "బ్యాంకోళ్లు పైసలిచ్చినంక పిల్లను యాడికి తోల్కపోతరు మేడమ్?" అన్నాడు.

"ఎక్కడికీ తీసుకుపోరు అన్నా."

"అగో, మరి పంటెవరికి పోతది? అడ్వాన్సిచ్చినోడు ఊకుంటడా?"

ఆయన భయం నాకప్పుడు అర్థమైంది. డబ్బులిచ్చినవాళ్లకే పిల్ల పని చేయాలని, వాళ్లు ఏ దేశానికి పంపితే ఆ దేశం పోవాలని అన్ని రోజులూ అనుకుంటున్నాడు. నేను నవ్వి, బ్యాంకుకు అసలూ వడ్డీ కావాలి తప్ప పిల్లతో పని లేదని, ఆమె ఇష్టమొచ్చిన చోట ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పాను. ఆయన ముఖం తేటపడుతుందనుకున్నాను. ఇంకా ముడుచుకుపోయింది.

"అంటే నౌకరి రాకున్నా కట్టాల్నా?"

"కట్టాలి."

"గింజ ఫెయిలైతే ఆర్గనైజర్ ఆ గింజ తీస్కపోతడు. మిగిలింది వచ్చే యేటి పంటల పట్టుకుంటడు. గీ చదువు ఫెయిలైతే ఏం పట్టుకుంటరు? ఇల్లా?"

నేను మాట మార్చి ముందుముందు వచ్చే మంచి గురించి ఎత్తుకున్నాను. ఎమ్మెస్సీ అయితే ఎంత గౌరవమో, ఎన్ని దారులో చెప్పాను. ఏమీ లేకపోయినా లెక్చరర్ కావచ్చు, నాలాగా అన్నాను.

"మంచిది" అన్నాడు. "అయితే నువ్వు ఎమ్మెస్సీనా మేడమ్?"

"అవునన్నా."

"నీకెంతొస్తది నెలకు?"

అందులో వెటకారమేమీ లేదు. మీ ఊళ్లో వాన పడిందా అని అడిగినట్టే అడిగాడు. మా ఇంట్లో ఆయనకు కరెంటాఫీసులో ఉద్యోగం. ఇల్లు ఆ జీతంతో నడిచేది కాబట్టి నాకెంత వస్తుందని ఇంట్లో గానీ బయట గానీ ఎవరూ అడగలేదు. పెళ్లిళ్లలో 'లెక్చరరమ్మ' అని ముందు వరుసలో కూర్చోబెట్టేవారు, అంతే. ఇప్పుడు ఆ పత్తిచేలో, చేతిలో పూలతో, మొదటిసారి ఆ ప్రశ్న ముందు నిలబడ్డాను. పక్క సాలులో ఆ పిల్ల తలెత్తి నా వైపు చూస్తోంది. కళ్లలో నవ్వు. ఏదో పెద్ద సంఖ్య వినబోతున్నానని, దాంతో నాయిన నోరు మూతపడుతుందని ఆమె ధీమా.

అబద్ధం చెప్పొచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా. ఆ నవ్వుకళ్ల ముందు చెప్పలేకపోయాను.

"మూడు వేల ఎనిమిది వందలు అన్నా. ఎండాకాలం రెండు నెలలు అదీ రాదు."

"నెలకా?" అంది తల్లి.

"నెలకే అక్కా."

తండ్రి "మా కాడ క్రాసింగుకొచ్చే కూలోళ్లకే..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఆయన మర్యాద కొద్దీ ఆపాడు. అంతా చెప్పేసి ఉంటేనే నాకు బాగుండేది. పిల్ల ముఖంలోంచి నవ్వు ఎప్పుడు పోయిందో చూడలేదు. చూసేసరికి తల వంచుకుని పూల మీద పూలు అద్దుకుంటూ వెళ్లిపోతోంది.

తల్లి మాత్రం నా పక్కనే నడుస్తూ నెమ్మదిగా అడిగింది. "మరెందుకు చేస్తున్నవమ్మా గంత దూరం పోయి?"

ఏడుపొచ్చింది నాకు. "ఆ చదువంటే ఇష్టం అక్కా. పొద్దున బోర్డు ముందు నిలబడి చెప్తుంటే లోకం మొత్తం నాకు అర్థమైతున్నట్టు ఉంటది. ఎవరో ఒక పిల్ల తలెత్తుతది. అంతే."

"ఇష్టముంటే మంచిదే" అంది ఆమె. ఊరికే నన్ను ఊరడించడానికి అనలేదు. ఒక విషయం తెలుసుకున్నట్టు అని, ఇంకో పువ్వు అందుకుంది.

సాలు చివర తండ్రి నడుము నిలబెట్టి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "మేడమ్, నువ్వు అబద్ధమాడలే. ఆర్గనైజర్ గనక నీ జాగల ఉంటే ముప్పై వేలనెటోడు. నిన్ను నమ్ముత. నమ్ముత గనకనే సంతకం పెట్ట. లెక్క నువ్వే చెప్తివి. డిగ్రీ పిల్లకు గద్వాలల నాలుగున్నర వేలు, ఎమ్మెస్సీ మేడమ్‌కు నాలుగు వేలు గూడ లేవు. ఆ మధ్యల ఉన్న దానికి లక్ష రూపాయలు అప్పు ఎట్ల జేద్దు?"

ఆ పిల్ల అప్పుడు మా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "నాయినా, ల్యాబుల చేరుత. రెండు సీజన్లు చేస్త. నా జీతం ఇంట్ల అడగొద్దు. నా పెండ్లి ముచ్చట తియ్యొద్దు. సగం పైసలు నేనే జమ చేస్త. అప్పుడు మల్ల అడుగుత నిన్ను."

"జమ చేస్కో" అన్నాడు తండ్రి. "సంతకం ముచ్చట అప్పుడు చూద్దాం. ఇప్పుడు మాత్రం మాటియ్య."

గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి తిన్నాం. నన్ను వాళ్లెవరూ తక్కువగా చూడలేదు, ఇంకో రొట్టె వేసి బతిమాలి తినిపించారు. తిరుగు బస్సులో ఎక్కడో నిద్రపట్టింది. మా క్లాసురూములో బెంచీల మధ్య పత్తిచెట్లు మొలిచినట్టు, నేను బోర్డు మీద రాస్తుంటే ఒక్కో పువ్వే ఎర్రబడుతున్నట్టు కలొచ్చింది. మెలకువ వచ్చేసరికి కృష్ణ దాటిపోయింది. చేతులు వాసన చూసుకుంటే పచ్చిపుప్పొడి వాసన. దిగులో, హాయో తెలియని ఒక మత్తులో ఇల్లు చేరాను.

మర్నాడు బాటనీ సార్‌కు జరిగిందంతా చెప్పాను. ఇక ఆటపట్టిస్తాడని సిద్ధంగా ఉన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి, "నాది మీకన్నా రెండొందలెక్కువ మేడమ్" అన్నాడు. అన్నేళ్లు పక్కపక్కన కూర్చున్నాం, ఆ మాట అప్పుడు చెప్పాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, అటెండరు పరిగెత్తుకొచ్చేంత గట్టిగా నవ్వాం.

ఆ పిల్ల గద్వాల ల్యాబులో చేరింది. అప్పుడప్పుడు ఫోను చేసేది. నేను ముక్తసరిగా మాట్లాడేదాన్ని. ఆమె మీద కోపం కాదు. ఆ గొంతు వింటే ఆ చేను, ఆ ప్రశ్న, మధ్యలో ఆగిన ఆ మాట గుర్తొచ్చి ముఖం వేడెక్కేది.

ఇంతలో బయో మోజు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. పిల్లలు కంప్యూటర్ల వైపు, ఇంజనీరింగు వైపు వెళ్లిపోయారు. చివరి ఏడు నా క్లాసులో పట్టుమని పదిమంది లేరు. ఒక ఏప్రిల్లో కరస్పాండెంట్ సార్ పిలిచి, "వచ్చే ఏడు సెక్షన్ లేదు మేడమ్. ఇంగ్లీషు చెప్తరా?" అన్నాడు.

"మీరు బయోకెమిస్ట్రీ చెప్పండి, నేను ఇంగ్లీషు చెప్తా" అని లేచి వచ్చేశాను. బయటికొస్తే గోడ మీద సీసాల బొమ్మలకు సున్నం కొడుతున్నారు, కంప్యూటర్ల బొమ్మలు వేయడానికి. బాటనీ సార్ గేటు దాకా వచ్చి నా సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అనబోయి, "బీఎడ్" అని మాత్రం అన్నాడు. కన్నీళ్లలోనే నవ్వొచ్చింది.

నలభై దాటిన వయసు. ఇంట్లో కూర్చుంటే మధ్యాహ్నాలు ఎంతకూ కదిలేవి కావు. అటువంటి ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. గోళ్లు ఇప్పుడు పసుపుపచ్చగా లేవు, నీలంగా ఉన్నాయి.

"మేడమ్, మా ల్యాబుల ఇంకో మనిషి కావాల్నంట. ఎమ్మెస్సీ ఉండాల్నన్నరు. మీ పేరు చెప్పిన. ఏమనుకోవద్దు."

ఏమనుకోవద్దంటే ఎట్లా? నా విద్యార్థిని నాకు ఉద్యోగం చూడటం, నేను వెళ్లి ఆమె పక్కన స్టూలు మీద కూర్చోవడం. గింజలు నానబెట్టే పనని ఒకప్పుడు నేనే ఈసడించిన పని. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడోరోజు మా ఆయన "పోతే పో, లేకపోతే కనీసం అన్నం తిను" అన్నాడు. పోయాను.

పిల్లలూ, ఆ ల్యాబు సంగతి కొంచెం చెప్పనివ్వండి. గింజను నానబెట్టి, నూరి, దాంట్లోని ప్రొటీనును తీసి, జెల్ అనే పల్చటి మెత్తటి పలక మీద కరెంటు పెట్టి పరుగెత్తిస్తారు. తర్వాత నీలిరంగులో ముంచి, మెల్లగా కడుగుతారు. సరిగ్గా క్రాసింగ్ అయిన గింజలో తల్లి గీతలూ తండ్రి గీతలూ రెండూ కనిపిస్తాయి. కానిదాంట్లో తల్లివి మాత్రమే. ఆ జెల్‌ను నేను కాలేజీ బోర్డు మీద చాక్‌పీసుతో ఎన్నోసార్లు గీశాను. చదువుకునే రోజుల్లో వెనక వరుసలోంచి మెడ సాచి చూశాను. నా చేతుల్లోకి రావడం అదే మొదటిసారి. మొదటి రోజే అంచు చింపేశాను. "నీళ్లల్ల పెట్టి లేపుర్రి మేడమ్, దానంతటదే వస్తది" అంది ఆ పిల్ల, చెయ్యి పట్టుకుని చూపిస్తూ. నీలిరంగు నీళ్లు కొంచెం కొంచెంగా తేటపడుతుంటే, లోపలినుంచి సన్నటి గీతలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఇద్దరం గిన్నె మీదికి వంగి, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ చూశాం. బయట లారీల్లోంచి విత్తన బస్తాలు దింపుతున్న చప్పుడు ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టు ఉండేది. నేను అంత సంతోషంగా ఉన్న ఉద్యోగం ఇంకోటి లేదు. ఎమ్మెస్సీ ఉన్నందుకు నాకు ఆరు వేలు ఇచ్చారు. ఆ పిల్లకు అప్పటికి ఐదు.

ఆ వేసవి ఆమె మళ్లీ ఎంట్రెన్స్ రాసింది. మళ్లీ హైదరాబాదులోనే సీటొచ్చింది. మాట ప్రకారం సగం డబ్బు జమ చేసింది. మిగతా సగానికి మళ్లీ అదే బ్యాంకు, అదే సంతకం. తండ్రి అవునూ అనలేదు, కాదూ అనలేదు. "చూద్దాం" అని చేనుకు వెళ్లిపోతున్నాడట. సీటుకు డబ్బు కట్టాల్సిన గడువు దగ్గర పడుతోంది. ఆ పిల్ల పని చేస్తూ చేస్తూ ఆగిపోయి, ఖాళీ గోడ వైపు చూస్తూ ఉండేది. ఈసారి పోకపోతే ఇక పోదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నేను వెళ్లి మాట్లాడతానని అనలేకపోయాను. నేను మాట్లాడితే ఏమైందో ఇద్దరికీ గుర్తే.

ఒకరోజు ఆ తండ్రి తన గింజ బాకీ డబ్బుల కోసం గద్వాలలో మా ల్యాబు ఆవరణలోనే ఉన్న కంపెనీ ఆఫీసుకు వచ్చాడు. కూతురు కోసం ల్యాబు గుమ్మం దగ్గరికొచ్చి తొంగిచూశాడు. ఆమె లోపలి గదిలో ఉంది. తెల్లకోటు వేసుకుని, స్టూలు మీద, జెల్ ముందు నేను కనిపించాను.

"మేడమ్! నువ్వు గిక్కడ?"

"ఇక్కడే పని చేస్తున్నా అన్నా ఇప్పుడు."

ఆయన నన్ను చూశాడు, నా ముందున్న నీలి గీతలను చూశాడు, పైన తిరుగుతున్న ఫ్యానును కూడా చూశాడు. ఇప్పుడెంతొస్తది అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "మంచిగైంది" అని, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. నా జీతం సంగతి తర్వాత కూతురిని అడిగే ఉంటాడు.

మీరు అసలు అడగదలచుకున్నది నాకు తెలుసు. ఆ అప్పు తీరిందా? తీరింది, కానీ హాయిగా తీరలేదు. ఎమ్మెస్సీ తర్వాత హైదరాబాదులో మొదటి ఉద్యోగం జీతం హాస్టలుకూ బ్యాంకు వాయిదాకూ పోగా చేతికి ఏమీ మిగిలేది కాదు. ఫోనులో ఏడ్చిన రోజులున్నాయి. ముందు రెండు సీజన్లు సంపాదించి సగం తగ్గించుకోకపోతే ఇంకా ఎక్కువ ఏడ్చేది. ఆ తర్వాత జీతం పెరిగింది, ఊపిరాడింది. ఇప్పుడు తన పనంటే తనకు ప్రాణం. అప్పు చేయమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ముందు ఆ చదువు చదివిన మనిషిని ఒకరిని పట్టుకుని, సిగ్గుపడకుండా జీతమెంతని అడగండి. ఆ మనిషి నిజం చెప్పాలని కోరుకోండి.

సరే, ఆ సంతకం. తండ్రి వచ్చి వెళ్లిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆ పిల్ల బ్యాంకు నుంచి నేరుగా ల్యాబుకు వచ్చింది. నేను నీలిగిన్నె చేతిలో పట్టుకుని జెల్ కడుగుతున్నాను. గుమ్మంలోనే నిలబడి, "మేడమ్, నాయిన సంతకం పెట్టిండు" అంది.

"ఏమన్నాడు? ఎట్లా ఒప్పుకున్నాడు?"

"వద్దు మేడమ్. మీకు కోపమొస్తది."

"చెప్పు, లేకపోతే ఇప్పుడే వస్తది."

ఆమె నేల చూపులు చూస్తూ చెప్పింది. "బ్యాంకు సారు అడిగిండు, పిల్లకు నౌకరి దొరక్కపోతే అప్పెట్ల కడ్తవ్ పెద్దమనిషీ అని. నాయిన జర సేపు ఆలోచన చేసిండు. ఆలోచన చేసి, 'వీళ్ల మేడమ్‌కే దొరికింది సార్ నౌకరి, నా బిడ్డకు దొరకదా?' అన్నడు. అని, పెన్ను తీస్కొని సంతకం పెట్టిండు."

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఎంతకూ ఆగలేదు. నవ్వులోకి ఏడుపు ఎప్పుడు వచ్చి కలిసిందో తెలియదు. గిన్నె ఒలికిపోతుందని ఆ పిల్ల గబగబా వచ్చి, నా చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.